మేడ తోటకి ఎనిమిది ఫ్రేముల తేనెపెట్టె: సెట్టు కొనాలా, విడిగా కొనాలా?

ఆన్‌లైన్‌లో "ఇండియన్ బీ బాక్స్ విత్ స్టాండ్" అని వెతికితే వరసగా కనిపించే పెట్టెల గురించి ఈ సమీక్ష. కింద ఎనిమిది ఫ్రేముల (తేనెటీగలు పట్టు కట్టుకునే చెక్క చట్రాల) పిల్లల గది, అంటే రాణి గుడ్లు పెట్టి పిల్లలు పెరిగే అర, దాని మీద తేనె గది, రేకు తొడిగిన పైమూత, నాలుగు కాళ్ళ ఇనుప స్టాండు, పొగ డబ్బా, ముఖానికి వల ముసుగు, చేతి తొడుగులు, ఫ్రేములు కదపడానికి ఇనుప పట్టీ అన్నీ కలిపి సెట్టుగా అమ్ముతున్నారు. ఫొటోల్లో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. కొలతల దగ్గరికి వచ్చేసరికి ఒక పెట్టెకీ ఇంకో పెట్టెకీ పొంతన ఉండదు. ఒకే ధర పెట్టి కొన్న రెండు పెట్టెల్లో ఒకదాంట్లో ఈగలు ఏళ్ళ తరబడి నిలుస్తాయి, ఇంకోదాంట్లోంచి నెల తిరక్కుండా లేచిపోతాయి. చాలామంది చెక్కని తప్పుపడతారు గానీ, తప్పు ఎక్కువగా సందుల్లో ఉంటుంది.

తీర్పు ముందే చెప్పేస్తాం: పెట్టె, స్టాండు, ముసుగు ఈ మూడూ చూసుకుని విడివిడిగా కొనండి. సెట్టులో మిగతా సరుకు చాలావరకు పక్కన పడేసేదే.

ముందుగా ఏ ఈగకి ఏ పెట్టె అన్నది తేల్చుకోవాలి. మన పుట్టల్లో, చెట్టు తొర్రల్లో ఒకదాని పక్కన ఒకటిగా పట్లు పెట్టే దేశవాళీ ఈగ ఏపిస్ సెరానా ఇండికా. ఈ ఎనిమిది ఫ్రేముల పెట్టె దానికే. తిరుచిరాపల్లిలో పనిచేసిన ఫాదర్ న్యూటన్ వందేళ్ళ కిందట దక్షిణాది ఈగ కోసం చిన్న పెట్టె రూపొందించారు. ఇప్పుడు అమ్ముతున్న ఐ.ఎస్.ఐ. 'ఏ' రకం పెట్టె కూడా దాదాపు అంతే ఉంటుంది. పది ఫ్రేముల లాంగ్‌స్ట్రాత్ పెట్టె ఇటలీ ఈగకి, అంటే మెల్లిఫెరాకి. "పెద్ద పెట్టె అయితే తేనె ఎక్కువ వస్తుంది కదా" అని దేశవాళీ ఈగని లాంగ్‌స్ట్రాత్‌లో పెడితే, అంత ఖాళీని అది వెచ్చగా ఉంచుకోలేదు, కాపలా కాయలేదు. వాడని మూలల్లో పట్టుని తొలిచి తినే మైనపు పురుగు చేరుతుంది. కుళాయి తిప్పితే తేనె కారే ప్లాస్టిక్ ఫ్రేముల పెట్టెలూ మెల్లిఫెరా కొలతలకి చేసినవే, దేశవాళీ ఈగకి పనికిరావు.

ఇక సందుల సంగతి. పెట్టె ఇంటికి రాగానే రంగు, నునుపు చూడకండి. ఒక స్కేలు, ఒక మామూలు పెన్సిలు తీసుకుని కూర్చోండి. ఐ.ఎస్.ఐ. 'ఏ' రకం ఫ్రేము లోపలి కొలత 210 మి.మీ. పొడవు, 145 మి.మీ. ఎత్తు. ఒకటి రెండు మి.మీ. అటూ ఇటూ అయితే నష్టం లేదు. ఫ్రేముకీ పెట్టె గోడకీ మధ్య, కింది గది ఫ్రేముల పైపుల్లకీ పై గది ఫ్రేముల అడుగుపుల్లకీ మధ్య ఖాళీ మాత్రం 7 నుంచి 9 మి.మీ. లోపే ఉండి తీరాలి. పెన్సిలు మందం సుమారు 7 మి.మీ. ఆ సందులో పెన్సిలు ఒరుసుకోకుండా దూరాలి, చిటికెన వేలు దూరకూడదు. ఆ ఖాళీని ఈగలు దారిగా వదిలేస్తాయి. అంతకంటే వెడల్పైతే అక్కడ అడ్డంగా మైనం పట్టు కట్టేస్తాయి. తర్వాత మీరు ఫ్రేము ఎత్తినప్పుడు ఆ పట్టు తెగి, తేనె కారి, పిల్లలు నలిగి, రాణి కూడా దెబ్బ తినే ప్రమాదం ఉంది. సందు మరీ ఇరుకైతే ఈగలు అందులో సరిగ్గా తిరగలేవు. ఈగ తిరగని చోటే మైనపు చిమ్మట (మైనపు పురుగు తల్లి) గుడ్లు పెట్టేది.

చవక పెట్టెల్లో ఈ లోపం రెండు చోట్ల వస్తుంది. మొదటిది, తేనె గది ఎత్తు ఎక్కువై రెండు గదుల ఫ్రేముల మధ్య 12, 15 మి.మీ. ఖాళీ వచ్చేస్తుంది. ఈగలు ఆ ఖాళీ నిండా అడ్డపట్లు కడతాయి. ఆ పెట్టె తెరవడం ప్రతిసారీ ఒక యుద్ధం. రెండోది, ఫ్రేముల మధ్య దూరం. ఒక ఫ్రేము నడుమ నుంచి పక్క ఫ్రేము నడుమకి సుమారు 30 మి.మీ. ఉండాలి. మెల్లిఫెరాకి అది 35. మెల్లిఫెరా పెట్టెలు చేసే వడ్రంగులు అలవాటుగా అదే దూరం పెట్టేస్తే, ఈగలు రెండు ఫ్రేములకీ మధ్యలో మూడో పట్టు మొదలుపెడతాయి. ఎనిమిది ఫ్రేములూ ఒక పక్కకి జరిపి చూడండి. చివర రెండు వేళ్ళ ఖాళీ మిగిలితే దాని నిండా ఒక డమ్మీ పలక నిలబెట్టి మూసేయండి. సందు ఎక్కువైతే సన్న బద్ద కొట్టుకోవచ్చు, తక్కువైతే చిత్రిక పట్టించుకోవచ్చు. ఇవి వడ్రంగికి అరపూట పని, కానీ ఈగలు రాకముందే జరిగిపోవాలి.

అతుకులూ ఇంతే జాగ్రత్తగా చూడాలి. మెల్లిఫెరా ఈగ చెట్ల జిగురు తెచ్చి పగుళ్ళు పూడ్చుకుంటుంది. మన ఈగకి ఆ అలవాటు లేదు. దానివల్ల ఫ్రేములు అతుక్కోకుండా తేలిగ్గా వస్తాయి, చూసేవాళ్ళకి అది సుఖం. కానీ వడ్రంగి వదిలేసిన ప్రతి పగులూ అలాగే ఉండిపోతుంది. రెండు గదులు ఒకదాని మీద ఒకటి పెట్టి చీకటి గదిలో లోపల సెల్‌ఫోను లైటు వేయండి. ద్వారం, గాలి రంధ్రం తప్ప ఇంకెక్కడ వెలుతురు కనిపించినా అది చీమలకీ పురుగుకీ దారే. గది మూలలు వేళ్ళు దూర్చినట్టు ఒకదాంట్లో ఒకటి ఇమిడే అతుకుతో ఉంటే మంచిది. నేరుగా ఆనించి మేకులు కొట్టినవి రెండు వానలకి విడిపోతాయి. ఫ్రేముల పైపుల్లని లాగి చూడండి. జిగురు పెట్టి, చివరకి రెండేసి మేకులు కొట్టి ఉండాలి. ఒక్క మేకుతో వేలాడే పైపుల్ల తేనె బరువుకి సరిగ్గా మీరు ఎత్తినప్పుడే ఊడుతుంది.

చెక్క గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. బాగా ఆరిన టేకు అన్నిటికంటే మేలు. శుద్ధి చేసిన రబ్బరు చెక్క, తూణి కూడా నిలుస్తాయి. గోడ మందం 20 మి.మీ.కి తగ్గకూడదు. చెక్కపొట్టుతో నొక్కి చేసిన పలకలు (ఎం.డి.ఎఫ్. రకం) వానకి ఉబ్బి పైన చెప్పిన కొలతలన్నీ తారుమారు చేస్తాయి, వద్దు. రంగు బయట మాత్రమే వేయాలి, లేత రంగైతే ఎండ తక్కువ పట్టుకుంటుంది. లోపల వార్నిష్ గానీ రంగు గానీ వేసిన పెట్టె కొనకండి. ఆ వాసనకి ఈగలు నిలవవు. బయట రంగు వేసినా రెండు మూడు వారాలు నీడన గాలికి పెట్టాకే వాడాలి.

పైమూతకి రేకు తప్పనిసరి, కానీ ఆ రేకే మన ఎండలకి శత్రువు. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెలలో మేడ మీద రేకు చేత్తో ముట్టుకోలేం. 62 డిగ్రీలకి గానీ మైనం కరగదు, అయితే అంతకు చాలా ముందే మెత్తబడి తేనె బరువుకి పట్టు జారిపోతుంది. అందుకే రేకు కింద చెక్క మూత, దాని కింద గాలి ఆడటానికి దోమతెర కొట్టిన రంధ్రమున్న లోపలి మూత, రెండూ ఉన్న పెట్టే తీసుకోండి. కొన్ని సెట్లలో లోపలి మూత అసలు ఇవ్వరు, ఆర్డరు పెట్టేముందే అడగండి. మార్చి నుంచి మూత మీద తడి గోనెపట్టా, పైన షేడ్ నెట్టు, పది అడుగుల లోపు గులకరాళ్ళు వేసిన నీళ్ళ మూకుడు ఉండాలి. నీళ్ళు రోజూ మార్చాలి. ఒకసారి ఎండిపోతే ఈగలు పక్కింటి కుళాయి దారి పడతాయి, అక్కడి నుంచి మళ్ళించడం చాలా కష్టం.

స్టాండు నేల నుంచి అడుగున్నర, రెండడుగుల ఎత్తుంటే చాలు. నాలుగు కాళ్ళకీ నీళ్ళ గిన్నెలు కట్టి ఇచ్చే స్టాండ్లు ఎక్కువ వస్తున్నాయి. చీమల్ని ఆపే ఉపాయం మంచిదే. కాకపోతే తెరిచి ఉన్న నీళ్ళలో ఈగలు పడి చస్తాయి, ఎండాకాలం నీళ్ళు పూటకే ఇంకిపోతాయి. కాలి మధ్యలో బోర్లించిన చిన్న రేకు గిన్నె వెల్డింగ్ చేయించి, దాని లోపలివైపు గ్రీజు పూస్తే వానకి కడుక్కుపోదు, ఎండకి ఆరిపోదు, ఈగలకి తగలదు. నెలకోసారి గ్రీజు మార్చండి. మొక్కల కొమ్మలు గానీ ఎండుటాకులు గానీ పెట్టెని తాకకుండా చూడండి, చీమలకి అదే వంతెన. స్టాండు పెట్టాక ఫ్రేముల అడ్డం దిశలో స్పిరిట్ లెవెల్ (రసమట్టం) పెట్టి సమంగా సరిచేయాలి. ఈగ తన పట్టుని భూమికి నిట్టనిలువుగా వేలాడదీస్తుంది. పెట్టె ఒక పక్కకి ఒరిగి ఉంటే పట్టు ఒక ఫ్రేములో మొదలై పక్క ఫ్రేములో దిగుతుంది. ద్వారం వైపుకి కొద్దిగా వాలు ఉండొచ్చు, వాన నీళ్ళు నిలవవు.

సెట్టులోని మిగతా సామాను. ముసుగు వల నల్లగా ఉండాలి, తెల్ల వలలోంచి గుడ్లు కనపడవు. తోలు తొడుగులు 'ఏ' రకం చిన్న ఫ్రేముకి చాలా మందం, పట్టు దొరక్క ఫ్రేము జారుతుంది. ముంజేతి దాకా వచ్చే పల్చటి రబ్బరు తొడుగులు నయం. పొగ డబ్బా తిత్తి నొక్కి చూడండి, గాలి గొట్టంలోంచే రావాలి. అందులో కొబ్బరిపీచు గానీ పాత గోనె ముక్క గానీ వేసుకోవచ్చు. దేశవాళీ ఈగకి రెండు మూడు చిన్న గుక్కల పొగ చాలు. ఎక్కువ కొడితే శాంతించే బదులు పట్టు వదిలి ఒక మూలకి పరుగెత్తుతుంది. ఇనుప పట్టీ బదులు పాత స్క్రూడ్రైవరు కూడా పని చేస్తుంది. మైనపు షీట్లు (ఫ్రేములో బిగిస్తే ఈగలు పట్టు కట్టుకునే అచ్చు పలకలు) ఇస్తే అవి సెరానా అచ్చువో కాదో అడగండి. మెల్లిఫెరా షీటు మీద అచ్చొత్తిన మైనపు గది పెద్దది, మన ఈగ దాన్ని కొరికి పారేసి అడ్డదిడ్డంగా కట్టుకుంటుంది. షీటు లేకపోయినా పైపుల్ల అడుగున గాడిలో కరిగించిన మైనం సన్నగా పోస్తే ఆ గీత పట్టుకుని కట్టుకుంటాయి. తేనె తీసే యంత్రం ఒక్క పెట్టెకి దండగ. నలుగురు పెంపకందార్లు కలిసి ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది.

కొందరు "ఈగలతో సహా" అమ్ముతారు. పెట్టె ఎక్కడి నుంచి తెప్పించినా, ఈగల్ని మాత్రం మీ జిల్లాలోనో పక్క జిల్లాలోనో పెంచేవాళ్ళ దగ్గర కళ్ళారా చూసి కొనండి. కొండ ప్రాంతం ఈగ మైదానం ఎండకి తట్టుకోలేక ఎగిరిపోతుంది, పార్సిలులో వచ్చే ఈగలు దారిలోనే ఉడికిపోతాయి. కనీసం నాలుగు ఫ్రేముల నిండా ఈగలు కమ్ముకుని ఉండాలి. ఒక ఫ్రేము వెలుతురికి వంచి చూస్తే పట్టులోని చిన్న మైనపు గదుల అడుగున గదికొకటి చొప్పున తెల్లటి గుడ్డు నిలబడి ఉండాలి. గుడ్డుంటే, రాణి కళ్ళకి కనపడకపోయినా మూడు రోజుల కిందటి దాకా ఉన్నట్టే. ఒకే గదిలో రెండు మూడు గుడ్లుంటే రాణి పోయి కూలి ఈగలు గుడ్లు పెడుతున్నాయని అనుమానించాలి, ఆ పట్టు తీసుకోవద్దు. పట్టులో పిల్లలున్న, మూత పడిన చిన్న గదులు ఒకే ముద్దగా, మధ్యలో ఖాళీలు తక్కువగా ఉండాలి. మూత లేని గదుల్లో పొడవుగా సాగి, తల పైకెత్తి చచ్చిన పిల్లలు కనిపిస్తే, పుల్లతో ఎత్తినప్పుడు నీళ్ళ సంచిలా వేలాడితే, అది థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్. 1990ల మొదట్లో దక్షిణాదిలో దేశవాళీ పట్లని తుడిచిపెట్టేసిన రోగం అదే. దానికి మందు లేదు. ఆ పెంపకందారు దగ్గర ఇంకే పెట్టే కొనకండి.

తెచ్చేటప్పుడు చీకటి పడ్డాక ద్వారానికి దోమతెర బిగించి తేవాలి. పాత చోటికీ కొత్త చోటికీ కనీసం రెండు మూడు కిలోమీటర్ల దూరం ఉండాలి, లేకపోతే బయటికి పోయిన ఈగలు పాత చోటుకే వెళ్ళిపోతాయి. ద్వారం తూర్పు వైపు, బట్టలారేసే తీగెకి ఎదురుగా కాకుండా పెట్టండి. ఈగలు ఎగురుతూ విసర్జించే పసుపు మచ్చలు బట్టల మీద ఓ పట్టాన పోవు. రాత్రి పూట ట్యూబులైటు వెలుగు ద్వారం మీద పడకూడదు. పడితే ఈగలు దీపం చుట్టూ చేరి ఇంట్లోకి వస్తాయి.

ఎనిమిది, పది రోజులకోసారి చల్లటి పూట తెరిచి చూస్తే చాలు. అడుగుపలక మీద నల్లటి గుండ్రటి రెట్టలు, పట్టులో సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తే మైనపు పురుగు పట్టిందన్నమాట. ఆ భాగం కోసి తీసేసి, అడుగుపలక గీకి, ఈగలు కమ్మని ఖాళీ ఫ్రేములు బయటకి తీయాలి. అడుగుపలక విడిగా ఊడివచ్చే పెట్టెలో ఇది రెండు నిమిషాల పని. గదికి మేకులు కొట్టి బిగించేసిన పెట్టెల్లో ఈగలన్నిటినీ వేరే పెట్టెకి మారిస్తే తప్ప కుదరదు, అందుకే అలాంటివి కొనవద్దంటున్నాం. కందిరీగలు ద్వారం దగ్గర కాపు కాస్తుంటే ద్వారం ఎత్తు ఒక పుల్లతో తగ్గించండి.

పూలు లేని రోజుల్లో, ముఖ్యంగా జోరు వానల నెలల్లో, పంచదార పాకం పెట్టాలి. పంచదార, గోరువెచ్చటి నీళ్ళు సమానంగా కలిపి, చల్లార్చి, సాయంత్రం పెట్టె లోపల పావు లీటరు చొప్పున వారానికి రెండుసార్లు ఇవ్వండి. గిన్నెలో పుల్లలు వేయకపోతే ఈగలు మునిగిపోతాయి. బెల్లం పెట్టకండి, విరేచనాలు పట్టుకుంటాయి. తేనె గది వేసి ఉన్నప్పుడు పాకం పెట్టారంటే మీరు తీసేది పాకమే, తేనె కాదు.

దిగుబడి విషయంలో అమ్మేవాళ్ళు చెప్పే అంకెలు నమ్మవద్దు. ఇరవై ముప్పై కిలోలు మెల్లిఫెరా లెక్క. మైదానంలో బాగా చూసుకున్న దేశవాళీ పెట్టెకి ఏడాదికి మూడు నుంచి ఐదు కిలోలు వస్తే మంచి దిగుబడే. తేనె గదిలో పట్టు మూడొంతులు మూత పడ్డాకే తీయాలి. మూత పడని తేనెలో నీరు ఎక్కువ. 20 శాతం దాటితే పులిసి నురగ కడుతుంది. పిల్లల గదిలో తేనె జోలికి అసలు వెళ్ళకూడదు, అది వాటి తిండి.

తోటకి ఏమొస్తుందన్నది ఇంకో ప్రశ్న. "పెట్టె పెట్టాం, సొరపిందెలు ఇంకా రాలిపోతున్నాయి" అని బాధపడేవాళ్ళు చాలామంది. సొర, బీర, పొట్ల పూలు సాయంత్రం వేళ విచ్చుకుంటాయి, ఈగలు అప్పటికి ఇంటికి చేరతాయి. వాటికి పొద్దు వాలాక మగపువ్వు కోసి ఆడపువ్వుకి మీరే రాయాలి. గుమ్మడి, దోస, కాకర, నేతిబీర పూలు పొద్దున్న విచ్చుకుంటాయి, వాటిలో తేడా కళ్ళకి కనిపిస్తుంది. జామకీ మంచిదే. టమాటా, వంగ పూలలో పుప్పొడి గొట్టాల్లాంటి కేసరాల లోపల ఉంటుంది. పువ్వుని పట్టుకుని రెక్కల కండరాలతో అదరగొడితే గానీ రాలదు. ఆ పని నల్ల తుమ్మెదలు చేస్తాయి, తేనెటీగ చేయదు. అవి రావాలంటే తోట మూలన ఎండిన కొయ్యదుంగలు, వెదురు ముక్కలు వదిలేయండి. వేపకషాయమైనా సరే, పొద్దున్న పిచికారీ చేయకండి. సాయంత్రం ఈగలు గూటికి చేరాకే కొట్టాలి. ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందులు వాడే తోటలో పెట్టె పెట్టనేకూడదు.

అపార్టుమెంట్లలో, పసిపిల్లలు తిరిగే ఇరుకు బాల్కనీల్లో ఈ పెట్టె వద్దు. ఇంట్లోగానీ పక్కింట్లోగానీ ఈగ కుడితే ఒళ్ళంతా దద్దుర్లు వచ్చేవాళ్ళుంటే మేడ మీద కూడా వద్దు. కుట్టిన చోట కొండిని వెంటనే గోరుతో గీకి తీసేయండి. ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఈ పెట్టె వద్దన్న ఇళ్ళకి కేరళలో చెరుతేన్ అని పిలిచే కొండిలేని ఈగల చిన్న పెట్టె సరిపోతుంది. తేనె గ్రాముల్లోనే వస్తుంది గానీ మొక్కలకి పని జరుగుతుంది.

పెట్టెకి ఆర్డరు ఆగస్టు, సెప్టెంబరులో పెట్టండి. కొలతలు సరిచేయించుకుని, రంగు వాసన పోయేసరికి అక్టోబరు వస్తుంది. వానలు తగ్గాక అక్టోబరు చివర, నవంబరులో ఈగల్ని తెస్తే చలికాలం పూలకి పట్టు బలపడుతుంది, మార్చి, ఏప్రిల్‌లో వేప, కానుగ పూసే నాటికి తేనె గది వేయడానికి సిద్ధంగా ఉంటుంది. అరకు, పాడేరు వైపు వాళ్ళకి నవంబరులోనే వలిసె (నూనెగింజ పంట) పూస్తుంది కాబట్టి ఇవన్నీ నెల ముందే చూసుకోవాలి.